లెడ్జరు నుండి డీబేస్ దాకా: వరంగల్ గుమాస్తాలు కంప్యూటరు నేర్చుకున్న కాలం

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని మన సంఘ కార్యవర్గం వారు కోరినారు. సమ్మెల గురించి, పే రివిజన్ల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత ఎవరూ అంతగా ముట్టని విషయమొకటి ఎన్నుకున్నాను. 1990కి అటూ ఇటూ మన కార్యాలయాలలోకి కంప్యూటరు వచ్చినప్పుడు, నలభై ఏళ్ళ వయసులో దాని ముందు కూర్చున్న గుమాస్తాలము ఏమేమి తప్పులు చేసినాము, వాటిని ఎట్లా దిద్దుకున్నాము అన్నదే ఈ వ్యాసం. మన పిల్లలు, మనవలు చదివితే నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. ఆ తప్పులలో కొన్ని జీతాల మీద, రిటైర్మెంటు తేదీల మీద పడ్డవి కనుక మనకు మాత్రం అవి నవ్వులాట కావు.

కంప్యూటరు అనేది మన ప్రాంతానికి మరీ కొత్త వస్తువేమీ కాదు. హైదరాబాదులో 1967లో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. వారు 1969లోనే టి.డి.సి.-12 అనే కంప్యూటరు తయారు చేసినారు. మన ఊళ్ళో 1959లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ ఉండనే ఉన్నది (2002 నుండి అదే ఎన్.ఐ.టి.). అయితే కాలేజీలోని కంప్యూటరు వేరు, జీతాల బిల్లు వేసే గుమాస్తా ముందుకు వచ్చిన కంప్యూటరు వేరు. రాష్ట్రంలో ఎ.పి. టెక్నాలజీ సర్వీసెస్ 1985లో ఏర్పడింది. 1980ల చివరన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ వారు జిల్లా కలెక్టరేట్లలో తమ కేంద్రాలు తెరిచినారు. చల్లని గది, చెప్పులు బయట విడిచి లోపలికి పోవడం, ఆకుపచ్చ అక్షరాల తెర, అయిదుంపావు అంగుళాల ఫ్లాపీలు. ఆ కాలం వారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు. కొద్ది రోజులకే హన్మకొండ చౌరస్తా నుండి నక్కలగుట్ట దాకా కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు వెలిసినవి. సాయంత్రం ఆఫీసు అయినాక కాలేజీ పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్న యు.డి.సి.లలో నేనొకణ్ణి.

మేము నేర్చుకున్నది డీబేస్ త్రీ ప్లస్. దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. అమెరికాలో జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో పనిచేసే వేన్ రాట్లిఫ్ అనే ఇంజనీరు, ఫుట్‌బాల్ పందాల లెక్కలు చూసుకోవడానికని 1978 ప్రాంతంలో వల్కన్ అనే ప్రోగ్రాము రాసుకున్నాడు. అదే తరువాత డీబేస్ టూ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. డీబేస్ వన్ అనేది అసలు లేనేలేదు. రెండోది అంటే కొనేవారికి మెరుగైన సరుకనిపిస్తుందని ఆ పేరు పెట్టినారు. అమ్మిన కంపెనీ పేరు ఆష్టన్-టేట్. అందులో టేట్ అనే ఆయన ఉన్నాడు కాని ఆష్టన్ అనే భాగస్వామి లేడు! లేని మనిషి పేరు రికార్డులో ఎక్కించడం మనకొక్కరికే తెలిసిన విద్య కాదన్నమాట.

తెర మీద ఒక చుక్క కనిపించేది. ఆ చుక్క పక్కన ఆజ్ఞ టైపు చేయాలి. ఆజ్ఞలు పాతికకు మించి రావు, వారంలో కంఠతా వచ్చేవి. చిక్కంతా తరువాతనే మొదలయ్యేది.

మొదటి చిక్కు తేదీలు. అమెరికా వాడు నెల ముందు, తేదీ తరువాత రాస్తాడు. డీబేస్ కూడా అంతే. మనం 15/07/34 అని కొడితే పదిహేనవ నెల లేదు గనుక తప్పు అని ఆగిపోయేది. అది మంచిదే. కాని 05/07/34 అని కొడితే, జూలై 5 కాస్తా మే 7 అయి, మాట్లాడకుండా లోపలికి పోయేది. అంటే పన్నెండవ తేదీ లోపు పుట్టినవారందరి పుట్టినరోజులూ తారుమారు. తప్పు చేసినప్పుడల్లా యంత్రం అరుస్తుందని నమ్మిన వాళ్ళము, సగం తప్పులకు అది అరవదని అప్పుడు తెలుసుకున్నాము. ప్రోగ్రాము మొదట్లోనే ‘సెట్ డేట్ బ్రిటిష్’ అని ఒక వరుస రాస్తే సరిపోయేది. ఆ ఒక్క వరుస తెలియక నెల రోజుల ఎంట్రీలు మళ్ళీ సరిచూసుకున్న సెక్షన్ ఒకటి నాకు తెలుసు. అది నాదే.

మన వరంగల్‌కు ఇంకొక బాధ ఉండేది. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివిన పెద్దలు అప్పటికింకా సర్వీసులో ఉన్నారు. కొందరి పాత కాగితాలలో పుట్టిన తేదీ ఫస్లీలో ఉండేది. ఆజూర్, దై, బహ్మన్ అని నెలల పేర్లు. సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని అందరమూ నేర్చుకున్న లెక్కే. నేను కూడా ప్రోగ్రాములో అట్లనే 590 కలిపినాను. కాని ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజూర్‌తో మొదలవుతుంది. 1342 ఫస్లీ అంటే 1932 అక్టోబరు నుండి 1933 అక్టోబరు దాకా. జనవరి తరువాత పుట్టిన వారికి 591 కలపాలి. నా లెక్క ప్రకారం అటువంటి వారందరూ ఏడాది ముందే ఇంటికి పోవలసినవారు. జాబితా చూసిన మా సూపరింటెండెంటు గారు, ఆయన కూడా ఫస్లీ మనిషే, పెన్ను టేబులు మీద పెట్టి "ఏమయ్యా, నన్ను పోయిన సంవత్సరమే పంపించినవా?" అన్నారు. ఆ కాగితం ఆయన బల్ల దాటి పోలేదు గనుక సరిపోయింది.

రిటైర్మెంటు జాబితాలంటే గుర్తుకు వచ్చింది. నెలలో ఏ తేదీన పుట్టినా నెలాఖరున రిటైరు కావాలి. ఒకటో తేదీన పుట్టినవారు మాత్రం అంతకు ముందు నెల ఆఖరున. జూలై ఒకటిన పుట్టినవారు మన ఆఫీసులలో ఎందరో మీకు తెలియనిది కాదు. బడిలో వేసేటప్పుడు పంతులు గారు రాసిన పుట్టుక అది. నెలాఖరు అంటే 30, 31, 28, 29లలో ఏది? మా వాళ్ళు పన్నెండు నెలలకు పన్నెండు షరతులు, లీపు సంవత్సరానికి ఇంకొకటి రాసి ప్రోగ్రామును పామును చేసేవారు. దీనికి కలెక్టరేటులోని ఒక కుర్ర అధికారి చెప్పిన ఉపాయం ఇప్పటికీ మరువలేను: వచ్చే నెల ఒకటో తేదీకి పోయి, అందులో నుండి ఒక రోజు తీసివేయండి. అంతే. ఫిబ్రవరి గొడవను యంత్రమే చూసుకుంటుంది.

58 అనే అంకె ఇంకొక పాఠం నేర్పింది. నేర్చుకునేవాడు చేసే పని ఏమిటంటే, ఆ అంకెను ప్రోగ్రాములో ఎక్కడ అవసరమైతే అక్కడ రాసుకుంటూ పోతాడు. 1983లో రామారావు గారి ప్రభుత్వం 58ని ఒక్క దెబ్బతో 55కు తగ్గించడం, తరువాత మళ్ళీ 58 కావడం చూసినవాళ్ళము మేము. పైగా నాల్గవ తరగతి ఉద్యోగులకు 60. అందుచేత రిటైర్మెంటు వయసును ఒక చిన్న పట్టికలో ఒక్కచోటనే ఉంచి, ప్రోగ్రాము అక్కడి నుండి తీసుకునేటట్లు చేసినాము. ఇది పుస్తకం చదివి చేసింది కాదు, 1983 దెబ్బ తిని చేసింది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 అయింది. మన తెలంగాణలో 2021లో 61 అయింది. ఆ పట్టిక ఉన్నవాడికి ప్రతిసారీ ఒక్క అంకె మార్చే పని.

2000 సంవత్సరం గొడవ గురించి పత్రికలు 1998, 99లలో రాసినవి. పింఛను పని చూసే గుమాస్తాకు అది అంతకు చాలా ముందే ఎదురైంది. 1942 తరువాత పుట్టినవాడు 58 ఏళ్ళకు రిటైరయ్యేది 2000 తరువాతనే కదా! 1992లో పదేళ్ళ జాబితా వేయబోతే, 30/06/03 అని మేము కొట్టిన తేదీని యంత్రం 1903గా తీసుకున్నది. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు తమ పుట్టుకకు నలభై ఏళ్ళ ముందే రిటైరయినట్లు జాబితా వచ్చింది. ‘సెట్ సెంచురీ ఆన్’ అని పెట్టి నాలుగు అంకెల సంవత్సరం కొట్టడమే మందు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పైన చెప్పినవన్నీ యంత్రం పోకడ తెలియక చేసినవి. ఇకముందు చెప్పేవి మనకు తెలిసిన ఆఫీసు పద్ధతినే యంత్రం ముందు మరిచిపోయి చేసినవి. టోటెన్‌హామ్ పద్ధతి అని మనం వల్లించిన జిల్లా కార్యాలయ మాన్యువల్ ఉన్నది చూడండి, తపాలులో వచ్చిన ప్రతి కాగితానికి ఒక కరెంటు నెంబరు. ఆ నెంబరు ఇంకే కాగితానికీ ఉండదు. జనవరిలో మళ్ళీ ఒకటి నుండి మొదలు గనుక నెంబరుతో పాటు సంవత్సరం రాయాలి. 1970లో ఐ.బి.ఎం.లో పనిచేసే కాడ్ అనే గణితవేత్త పట్టికల సిద్ధాంతం ఒకటి ప్రకటించినాడు. నేటి డేటాబేసులన్నిటికీ మూలం అదేనంటారు. అందులో ప్రైమరీ కీ అన్నది మన కరెంటు నెంబరు వంటిదే. ఎల్.డి.సి.గా చేరిన మొదటి వారంలోనే నేర్చుకున్న సంగతి! అయినా కంప్యూటరు ముందు కూర్చోగానే మనిషిని పేరుతో వెతకడం మొదలుపెట్టినాము. పేరు కొడితే మనిషి దొరుకుతాడు, ఎంత సుఖం అని.

ఎర్రసిరా సంగతి కూడా అంతే. రిజిస్టరులో తప్పు ఎంట్రీని ఎర్రసిరాతో కొట్టివేసి, పొట్టి సంతకం పెడతాము, పేజీ చింపము. డీబేస్‌లో ‘డిలీట్’ అంటే ఎర్రగీత మాత్రమే. రికార్డు పక్కన చుక్కగుర్తు పడుతుంది, ‘రీకాల్’ అంటే తిరిగి వస్తుంది. ‘ప్యాక్’ అంటే పేజీ చింపడం. ‘జాప్’ అంటే రిజిస్టరు పొయ్యిలో వేయడం. ఈ మూడింటి తేడా తెలియక ఎన్ని ఫైళ్ళు పోయినవో! ఇండెక్సు మాట చెప్పాలంటే, అది రిజిస్టరు ముందుండే అకారాది సూచిక. సూచిక తెరవకుండా కొత్త పేర్లు ఎక్కిస్తే, తరువాత వెతికినప్పుడు లేదని చెబుతుంది. లేదు కదా అని మనవాడు మళ్ళీ ఎక్కిస్తాడు. ఒకరికి రెండు జీతాల స్లిప్పులు! ‘రీఇండెక్స్’ అనే ఒక్క ఆజ్ఞతో పోయే రోగం అది.

ఇక కరెంటు నెంబరు కాదు, అసలు కరెంటు. ఎండాకాలం కోతలు మీకు గుర్తే. కొత్తగా చేర్చిన రికార్డులు ఎన్ని అన్న లెక్కను డీబేస్ ఫైలు మొదట్లో రాసుకుంటుంది, ఆ రాసుకోవడం ఫైలు మూసినప్పుడే. మధ్యలో కరెంటు పోతే పొద్దటి నుండి కొట్టిన ఎనభై పేర్లు లెక్కలో లేనట్లే. అందుకని పదేసి పేర్లకొకసారి ఫైలు మూసి తెరవడం అలవాటు చేసుకున్నాము. భోజనానికి పోయేటప్పుడు క్యాష్ చెస్టుకు తాళం వేసినట్లు.

ఇప్పుడు 1993 నాటి సంగతి. ఆఫీసు పేరు రాయను, మనుషుల పేర్లు కూడా మార్చి రాస్తున్నాను. మా జీతాల పట్టికలో లక్ష్మీనారాయణ అనే సీనియర్ సహోద్యోగి ఉండేవారు. లక్ష్మి అనే స్వీపరు ఉండేది. ఇద్దరికీ ఇంటిపేరు మొదటి అక్షరం ఒకటే. లక్ష్మీనారాయణ గారు సొసైటీలో అప్పు తీసుకున్నారు, నెలకు 250 రూపాయల రికవరీ. దాన్ని పట్టికలో ఎక్కించే పని నాది. పూర్తి పేరు ఇంగ్లీషులో కొట్టడానికి బద్ధకించి, ‘రీప్లేస్ ఆల్’ అని ఆజ్ఞ ఇచ్చి, పేరు దగ్గర సగం, అంటే లక్ష్మి వరకే కొట్టి ఊరుకున్నాను. డీబేస్‌లో ఒక గుణముంది. ‘సెట్ ఎగ్జాక్ట్ ఆన్’ అని ముందుగా చెప్పకపోతే, మనం కొట్టిన అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నిటినీ ఒకటిగానే చూస్తుంది. లక్ష్మీనారాయణ గారికీ 250 పడింది, లక్ష్మికీ 250 పడింది.

యంత్రం దాచలేదు. పని కాగానే తెర కింద ‘రెండు రికార్డులు మార్చబడినవి’ అని చెప్పింది. నేను చదవలేదు.

మూడు నెలలు ఆమె జీతంలో 250 కోత పడింది. ఆమెకు చదువు రాదు, వేలిముద్ర. రెండో నెల నా బల్ల దగ్గరికి వచ్చి, "సారూ, నా జీతమేంది గింత తక్కువొస్తాంది? నేనేం అప్పు తీసుకోలే గద సారూ" అన్నది. నేను పట్టిక తెరిచి చూడలేదు. "ఇప్పుడంతా కంప్యూటర్లనే వస్తుందమ్మా, తప్పు రాదు. పండుగ అడ్వాన్సు కావచ్చు" అని చెప్పి పంపించినాను. ఆమె "అట్లనా సారూ" అని పోయింది. చేత్తో బిల్లు రాసే రోజులలో అయితే ఆ ప్రశ్నకు రికవరీ రిజిస్టరు తీసి వేలు పెట్టి చూపించేవాణ్ణి. అది నాకు బాగా తెలుసు. అందుకే ఆ మాట ముప్పై ఏళ్ళు దాటినా గుచ్చుతూనే ఉన్నది.

నాల్గవ నెలలో సొసైటీ నుండి ఉత్తరం వచ్చింది. ఫలానా ఆమె మా సభ్యురాలు కాదు, ఆమె పేరున వచ్చిన 750 రూపాయలు సస్పెన్సులో ఉంచినాము, వివరణ ఇవ్వగలరు అని. దానికి కరెంటు నెంబరు పడింది, నా పర్సనల్ రిజిస్టరులోకే వచ్చింది. డబ్బు తిరిగి రావడానికి ఇంకో నెల పట్టింది. ఆ నోట్లు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టినప్పుడు తప్పు నాదని చెప్పినాను. ఏమంటుందో అనుకున్నాను. "అడ్వాన్స్ అన్నరు గద సారూ, మా ఆయన తీసుకున్నడేమోనని ఇంట్ల రోజూ కొట్లాడిన" అన్నది, అంతే. ఆ జవాబు నేను ఎదురుచూసింది కాదు.

ఆ తరువాత మా సెక్షనులో రెండు ఏర్పాట్లు చేసుకున్నాము. ఒకటి, ప్రతి ఉద్యోగికి మా సొంత నెంబరు. ఆజ్ఞ ఏదైనా నెంబరు మీదనే, పేరు మీద కాదు. రెండు, మార్చే ముందు అదే షరతుతో ‘కౌంట్’ అని అడిగి, ఎందరికి వర్తిస్తుందో ఒక కాగితం మీద రాసుకోవడం. మార్చిన తరువాత తెర మీద వచ్చిన సంఖ్యతో సరిచూసి సంతకం పెట్టడం. కొత్తగా వచ్చినవారు దీన్ని చాదస్తమన్నారు. ఏడాది పాటు చేతి రిజిస్టరును కూడా సమాంతరంగా నడిపించినారు మా సూపరింటెండెంటు గారు. ఇద్దరి పని ఒకరితో చేయిస్తున్నారని అప్పుడు తిట్టుకున్నాము.

ఆ నెంబరు విషయంలోనూ ఒక పొరపాటు చేయకపోలేదు. నెంబరు కదా అని దాన్ని అంకెల గడిగా పెట్టినాము. 0047 కాస్తా 47 అయింది. బ్యాంకు ఖాతా నెంబర్లలో ముందున్న సున్నాలన్నీ ఎగిరిపోయినవి. అప్పుడు మేము పెట్టుకున్న సూత్రం: కూడవలసిన అవసరం లేనిది అంకె కాదు, అక్షరమే. జీతం అంకె. ఖాతా నెంబరు, ఫోను నెంబరు, పిన్‌కోడు అక్షరాలు. తరువాత చాలామంది కుర్రవాళ్ళకు ఇది చెప్పినాను, అందరికీ ఉపయోగపడింది.

1992లో మైక్రోసాఫ్ట్ వారు ఫాక్స్‌ప్రో కంపెనీని కొన్నారు, అదే ఏడు యాక్సెస్ అనేది విడుదల చేసినారు. విజువల్ బేసిక్ అంతకు ముందు ఏడాదే వచ్చింది. మన దగ్గరికి అవి విండోసుతో పాటు కొన్నేళ్ళు ఆలస్యంగా వచ్చినవి. తెర రంగులు మారినవి, తప్పుల జాతి మారలేదు. యాక్సెస్‌లో ‘నల్’ అనేది నాకు చాలా రోజులు మింగుడు పడలేదు. సున్నా వేరట, ఖాళీ వేరట, నల్ వేరట! మొత్తం కూడబోతే ఒక్క నల్ తగిలి జవాబంతా నల్ అయ్యేది. చివరకు దానికి అర్థం మన నెలసరి నివేదికలలో దొరికింది. మండలం నుండి ‘నిల్’ రిపోర్టు వస్తే అది సున్నా. అసలు రిపోర్టే రాకపోతే అది నల్. రాని రిపోర్టును నిల్ అని వేసి జిల్లా మొత్తం పంపితే మెమో వస్తుందని ఎవరికి తెలియదు? పక్కన కూర్చునే పిల్లలకు ఇట్లా చెబితే వెంటనే అర్థమైంది. మాస్టరు గారు అరగంట చెప్పినా కానిది.

ఇంకొకటి కూడా. ఒక మిత్రుని కోసం కాజీపేట ఫాతిమానగర్ వైపు చిరునామాల జాబితా ఒకటి చేస్తుంటే డిసౌజా అనే పేరు దగ్గర ప్రోగ్రాము ఆగిపోయేది. ఇంగ్లీషులో ఆ పేరు మధ్యనున్న కొక్కెమును యంత్రం వాక్యం ముగింపు అనుకునేది. కొక్కెమును రెండుసార్లు పెడితే దారిలోకి వచ్చింది.

1998 నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పథకం 214 సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలలో ఒకేసారి మొదలైంది. తరువాత ట్రెజరీలు, ఏడు అంకెల ఐడీలు. మా నాల్గంకెల సొంత నెంబరు పని అంతటితో అయిపోయింది. ఫాక్స్‌ప్రో చివరి రూపానికి కూడా మైక్రోసాఫ్ట్ వారు 2015లో మద్దతు ఆపివేసినారు. నా డీబేస్ ఫ్లాపీలు నాలుగు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నవి. చదివే యంత్రం లేదు.

చెప్పవచ్చిన సంగతి ఇంకొకటి మిగిలింది. మన సంఘ కార్యాలయానికి వచ్చే సభ్యులలో, ముఖ్యంగా కుటుంబ పింఛనుకు దరఖాస్తు పెట్టుకునే అమ్మలలో, చాలామందికి వచ్చే ఇబ్బంది పేర్ల తేడా. భర్త గారి పి.పి.ఓ.లో లక్ష్మి పేరు ఇంగ్లీషులో ఎక్స్ అక్షరంతో, ఆధార్‌లో కె, ఎస్, హెచ్‌లతో. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ముందు, ఇంకొకచోట వెనుక. తెలుగులో అన్నీ ఒకటే, యంత్రానికి నలుగురు మనుషులు. పోయిన నెల ఒకామె అదే పని మీద మూడోసారి వచ్చింది. కాగితాలు నాలుగూ బల్ల మీద పరిచి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి ఆమెకు, ఆమె కొడుక్కు చూపించి, సవరణకు దరఖాస్తు రాసి ఇచ్చినాను. సభ్యులు తమ పి.పి.ఓ., ఆధార్, బ్యాంకు పుస్తకం మూడూ తీసుకుని ఏ బుధవారమైనా ఉదయం 11 గంటలకు వస్తే నేను కార్యాలయంలో ఉంటాను. భార్య పేరు కూడా అప్పుడే సరిచూద్దాము. కళ్ళజోడు మరువకండి.